మగ్గం ఆగిన గంట

ఆ బుధవారం పొద్దున వర్ష వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పది గంటలకు కుర్చీలో కూర్చోవడం, పదకొండుకు లేవడం, మధ్యలో ఇంగ్లీషు మాక్ టెస్టు ఒకటి రాయడం. గద్వాలలోని ఆ మగ్గాల వీధిలో ఇంతకంటే పెద్ద పనులు రోజూ సాఫీగా జరిగిపోతూనే ఉంటాయి.

వర్ష ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాలిటీ నర్సు. విదేశాల్లో నర్సు ఉద్యోగం కావాలంటే రాయవలసిన ఇంగ్లీషు పరీక్ష ఒకటుంది. అందులో వినడం, రాయడం, మాట్లాడడం ఆమెకు నల్లేరు మీద నడక. చదవడం దగ్గరే రెండుసార్లు బోర్లా పడింది. చదవడం రాక కాదు, మరీ బాగా చదవడం వల్ల. మొదటి భాగంలో నాలుగు కాగితాలు, ఇరవై ప్రశ్నలు, పదిహేను నిమిషాలు ఉంటాయి. అంటే ప్రశ్నకు నలభై ఐదు సెకన్లు. గడువు కాగానే ఆ కాగితాలు లాగేసుకుంటారు. తెలివిగలవాళ్లు ముందు ప్రశ్న చూసి, కావలసిన ముక్క ఎక్కడుందో వెతికి, రాసేసి ముందుకు పోతారు. వర్ష మాత్రం కేస్ షీటు చదివినట్టు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివేది. మందు డోసు కనబడితే అలవాటు కొద్దీ రెండుసార్లు సరిచూసుకునేది. కాగితం మీది రోగికి కాగితం మీది సూది ఎక్కడ తప్పు పడుతుందోనని ఆమె బెంగ. అలా రోగిని బతికించుకునేసరికి ఏడెనిమిది ప్రశ్నలు ఖాళీగా మిగిలిపోయేవి.

మూడో పరీక్ష వచ్చే శనివారమే, హైదరాబాదులో. తేదీ వాయిదా వేసుకోవాలంటే ఈ సాయంత్రమే ఆఖరు గడువు. వాయిదా వేస్తే, ఆమె కోసం నెలాఖరు దాకా ఆగుతామన్న ఐర్లండు ఆసుపత్రి మరో నర్సును చూసుకుంటుంది. వనపర్తి నుంచి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే భానుప్రకాశ్ సారు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇయ్యాల మాక్ టెస్టు టైములోపల పూర్తి చేస్తే శనివారం రాయి. లేకుంటే వద్దు తల్లీ. మూడోపారి గూడ పోతే నీ మనసు విరుగుతది."

తన ఆలస్యానికి కారణమేమిటో వర్ష ఎప్పుడో కనిపెట్టింది. మగ్గం. ముందు గదిలో తండ్రి గోపాల్ మగ్గం పొద్దున ఐదింటికి మొదలైతే చీకటి పడేదాకా టకటకలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగి, ఆ చప్పుడులోనే నర్సింగ్ పాసైన పిల్ల, ఒక పరీక్ష తప్పగానే తప్పంతా ఆ చప్పుడుదేనని తీర్మానించేసింది. అందుకని ముందురోజే ఇంట్లో ఉత్తర్వులు జారీ చేసింది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మగ్గం ఆగాలి. తల్లి పద్మమ్మ నోరు విప్పకూడదు. నాయనమ్మ జములమ్మకు చెవుడు. తనకు వినబడేలా మాట్లాడితే పక్క వీధికి కూడా వినబడుతుంది. కాబట్టి ఆమె మొదటి బస్సుకే ఇటిక్యాలలోని కూతురింటికి వెళ్లిపోవాలి. "ఒక్క మాట ఇనబడ్డా పరీక్ష రద్దయితది" అని వర్ష కారం కాస్త ఎక్కువే దట్టించి చెప్పింది.

ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. గోపాల్ ఇంకో మెట్టు పైకి పోయి మొక్కు కూడా పెట్టుకున్నాడు. కూతురు పరీక్ష ముగించేదాకా మౌనం పాటిస్తాననీ, గుళ్లో తడిబట్టలతో నూటొక్క ప్రదక్షిణలు చేస్తాననీ. బుధవారం పొద్దున సరిగ్గా తొమ్మిదిన్నరకు మగ్గం ఆపాడు, తువ్వాలు భుజాన వేసుకున్నాడు, గడప దాటాడు.

ఇక్కడ ఆ వీధి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. అక్కడ మగ్గాలు అమావాస్యకు ఆగుతాయి, పండగకు ఆగుతాయి. అవి అందరికీ ముందే తెలిసిన విరామాలు. అలా కాక, వారం మధ్యలో, పొద్దెక్కాక, ఒక ఇంట్లో మగ్గం ఉన్నట్టుండి ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో కాలం చేశారన్నమాట. అప్పుడు ఇరుగుపొరుగు ఏమీ అడగరు. తమ మగ్గాలు ఆపి, చేతులు కడుక్కుని, తలలు వంచుకుని బయలుదేరుతారు. పోయిందెవరని అడగడం అక్కడ మర్యాద కాదు, గడప దాకా పోతే ఎలాగూ తెలుస్తుంది. ఈ సంగతి గోపాల్‌కు తెలియక కాదు. కూతురి పరీక్ష నెత్తికెక్కిన మనిషికి వీధి గుర్తుంటుందా.

ఎదురింటి సుభద్రమ్మ తన మగ్గం మీద నాడె విసరబోయి చెయ్యి ఆపింది. ఒక చప్పుడు తగ్గింది. కిటికీలోంచి తొంగి చూస్తే, గోపాల్ ఇంటి అరుగు మీద రోజూ పొద్దున కూర్చుని నూలు కండెలు చుట్టే జములమ్మ లేదు. రాట్నం ఒక్కటే ఉంది. అంతలో గోపాల్ బయటికి వచ్చాడు. "ఏమైంది తమ్ముడా" అని సుభద్రమ్మ అడిగింది. మొక్కులో ఉన్న గోపాల్ మాట్లాడలేదు. అంతా ఆ పైవాడి దయ అన్నట్టు ఆకాశం వైపు చూసి, చేతులు జోడించి, వెళ్లిపోయాడు. సుభద్రమ్మ ఉన్నచోటే కూలబడింది. జములమ్మ ఆమెకు సొంత పెద్దమ్మతో సమానం. కన్నీళ్లు తుడుచుకుని ముందుగా ఇటిక్యాలకు, జములమ్మ అల్లుడు కురుమూర్తికి ఫోను కొట్టింది.

"కురుమూర్తీ, గోపాల్ ఇంట్ల జర సీరియస్ ఉంది. ఇంటిదాన్ని తోల్కొని బిరాన రా."

ఎవరికని ఆమె చెప్పలేదు, అతనూ అడగలేదు. చావు కబురు ఫోనులో పేరు పెట్టి చెప్పడం ఆ వైపు లేదు. 'సీరియస్' అంటే చాలు, అవతలివాళ్లు ఆటో మాట్లాడుకుంటారు. తల్లి పోయిన కబురు కూతురికి చేరవేశాననుకుని సుభద్రమ్మ ముక్కు చీదుకుంది. ఆ తల్లి అదే సమయంలో అదే కూతురింట్లో మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది.

పదింటికి భానుప్రకాశ్ సారు ఫోను తెర మీద ప్రత్యక్షమయ్యాడు. ముప్పైమంది నర్సులు తెర మీద చిన్న చిన్న గళ్లలో కూర్చున్నారు. సారు అందరి మైకులూ ఆపేశాడు. కెమెరా ముందు నుంచి లేచినా, పక్కకు జరిగినా ఆ పేపరు చెల్లదని మరోసారి గుర్తుచేశాడు. "టైము మొదలు" అన్నాడు. వర్ష పెన్ను పట్టుకుంది.

ఆమె కోరుకున్న నిశ్శబ్దం రానే వచ్చింది. కోరుకున్న దానికన్నా ఎక్కువే వచ్చింది. మామూలుగా ఆ వీధిలో ఇరవై మగ్గాలు మోగుతాయి. వాటిలో ఒకటి ఆగితే చాలనుకుంటే, ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆగిపోయాయి. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు కూడా వినబడుతోంది. ఆ ప్రశాంతతలో వర్ష హాయిగా మొదటి వాక్యం చదివింది. రెండోది చదివింది. కాలిన గాయాలకు ద్రవాలు ఎక్కించే పట్టిక కనబడితే, మనసులోనే ఒక రోగిని పడుకోబెట్టి, బరువు తూచి, లెక్క సరిచూసింది. పట్టిక కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న గమనిక కూడా వదల్లేదు. తల ఎత్తి చూస్తే ఏడు నిమిషాలు అయిపోయాయి. రాసినవి ఆరు జవాబులు. ఐర్లండు మెల్లగా వెనక్కి జరిగిపోవడం ఆమెకు కళ్లముందు కనిపించింది. ఎంత నిశ్శబ్దం తెచ్చిపెట్టినా తను ఇంతేనేమోనని ఏడుపు వచ్చింది.

ఆమె ఏడ్చేలోపే అరుగు మీద వేరే ఏడుపు మొదలైంది.

సుభద్రమ్మ వచ్చి పద్మమ్మను వాటేసుకుంది. పద్మమ్మ అప్పటికే ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు ఎర్రగా చేసుకుని ఉంది. ఎదురింటి మగ్గం ఆగిపోవడం ఆమె కూడా విన్నది. ఎదురింట్లో మగ్గం ఆగడం, ఎదురింటి మనిషి వచ్చి మెడ పట్టుకుని ఏడవడం చూసి, పాపం సుభద్రమ్మ ఇంట్లోనే ఎవరో పోయారనుకుంది. నోరు విప్పితే పరీక్ష రద్దవుతుంది కదా. అందుకని మాట లేకుండా, తోటి మనిషి దుఃఖానికి తన వంతుగా ఆమె కూడా ఏడ్చింది. ఒకరిని ఒకరు ఓదార్చుకుంటూ, ఒకరి కోసం ఒకరు ఇద్దరూ కుమిలిపోయారు. ఎప్పుడు తీసుకుపోతారని వెనక వచ్చిన ఆడవాళ్లు గుసగుసగా అడిగితే, సరిగా వినబడక, వర్ష ఎప్పుడు లేస్తుందని అడుగుతున్నారనుకుని పద్మమ్మ పది వేళ్లు, ఆపైన ఒక వేలు చూపించింది. పదకొండుకని అందరికీ అర్థమైంది. ఇంత తొందరగానా అని ఒకామె కొత్తగా ఏడుపు అందుకుంది.

లోపల వర్ష చెవిన ఆ ఏడుపు పడగానే ఆమె ఒంట్లో ఏదో మారిపోయింది. మూడేళ్లుగా క్యాజువాలిటీలో పనిచేసిన ఒళ్లు అది. తలుపు దగ్గర ఏడుపు వినబడిందంటే అక్కడ ప్రతి వాక్యం చదువుతూ కూర్చునే తీరిక ఉండదు. రక్తమెక్కడ, నాడి ఎక్కడ, ఏ మందు ఎంత? కావలసింది చూడాలి, చెయ్యాలి, తర్వాతి మంచానికి పోవాలి. చేతులు వాటంతట అవే పరుగందుకున్నాయి. ఏడో ప్రశ్న, ఎనిమిదో ప్రశ్న, పదో ప్రశ్న. కాగితం మీది రోగి బతుకుతాడా లేదా అన్న బెంగే రాలేదు. అడిగినదేదో పట్టుకుంది, రాసింది, ముందుకు పోయింది. బయట మూడు గొంతులు ఆరయ్యేసరికి ఆమె పదహారో ప్రశ్నలో ఉంది. పదిహేను నిమిషాలు అయ్యాయని సారు చెయ్యి ఊపేసరికి ఇరవయ్యో జవాబు మీద చుక్క పెట్టింది. బహుశా ఎదురింట్లో ఎవరో పోయినట్టున్నారు, పదకొండు కాగానే పోయి పలకరించాలి అనుకుని రెండో భాగం తెరిచింది. నలభై ఐదు నిమిషాలు, ఇరవై రెండు ప్రశ్నలు.

వీధి చివర గౌస్ పాషాది టెంటు హౌసు. మగ్గాలన్నీ ఆగిపోయాయంటే ఆయన ఫోను కోసం ఎదురుచూసే రకం కాదు. దుఃఖంలో ఉన్నవాళ్లు కుర్చీలు, షామియానా అడుగుతారా, మనమే పోవాలంటాడు. పదింబావుకల్లా గోపాల్ ఇంటి ముందు షామియానా లేచింది, నలభై కుర్చీలు పడ్డాయి. నూటొక్క ప్రదక్షిణలు ముగించి గోపాల్ తడిబట్టలతో వీధి మలుపు తిరిగేసరికి మగ్గాలు బంద్, తన ఇంటి ముందు జనం. ఎవరో పెద్దమనిషే పోయాడు, మన ఇంటి ముందు జాగా ఉందని ఇక్కడ టెంటు వేసుకున్నారు కాబోలనుకున్నాడు. మొక్కు ప్రకారం నోరు విప్పకుండా ఒక కుర్చీలో కూర్చుని, పోయినవారి ఆత్మశాంతి కోసం కళ్లు మూసుకున్నాడు. స్నానం చేసిన తడిబట్టలు, మూగనోరు, మూసుకున్న కళ్లు చూశాక ఇక అనుమానించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

గౌస్ పాషా ఆఖరున శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టెను లోపలికి మోయించాడు. ఎదురింట్లో జాగా లేక ఇక్కడ పెడుతున్నారనుకుని పద్మమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. ప్లగ్గు ఎక్కడా దొరక్క, వర్ష కూర్చున్న గదిలోకి తొంగి చూశాడు.

"బేటీ, మిషనుకు కరెంటు ఏడ తీసుకోవాలె?"

క్యాజువాలిటీలో ఎవరు ఏ మిషను తెచ్చినా ప్లగ్గు చూపించేది ఆమే. తల ఎత్తకుండా ఎడమ చేత్తో కుర్చీ వెనక్కి చూపించింది. కుడి చెయ్యి నలభై రెండింటిలో ముప్పై ఒకటో ప్రశ్నకు జవాబు రాస్తూనే ఉంది. పెట్టె ఆమె వెనకనే కుదురుకుంది. ముసలామెకు వెనక గదిలో స్నానం చేయిస్తున్నారనుకుని దాని మీద ఎవరో బంతిపూల దండ వేశారు, ఎవరో అగరొత్తులు గుచ్చారు.

కిటికీ దగ్గర చేరిన ఆడవాళ్లకు ఇదంతా కనబడుతూనే ఉంది. సుభద్రమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముసలామె పెంచిన పిల్ల. ఒక్క కన్నీటి చుక్క లేదు సూడు. తలెత్తకుండ ఇంగ్లీషు రాసుకుంటుంది." దవాఖానలో పనిచేస్తే అంతే, గుండె గట్టిపడుతుందని పక్కామె సర్దిచెప్పింది. ఈ మాటలు వర్ష చెవిన పడ్డాయి కానీ తలకెక్కలేదు. ఆమె అప్పుడు ఆస్తమా మీద ఒక పెద్ద వ్యాసంలో ఉంది, దాన్ని కూడా మొదటి నుంచి చదవలేదు.

పదకొండుకు మూడు నిమిషాలుందనగా వర్ష పెన్ను కింద పెట్టింది. జన్మలో మొదటిసారి ఆమెకు ఒక పరీక్షలో సమయం మిగిలింది. ఆ ఆనందంలో తల ఎత్తి ఫోను తెర వైపు చూసింది. భానుప్రకాశ్ సారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. మిగతా ఇరవై తొమ్మిదిమంది నర్సులు తమ తమ గళ్లలో చేతులు జోడించుకుని కూర్చుని ఉన్నారు. ఆమె వెనక్కి తిరిగింది. వెనక దండ వేసిన ఖాళీ పెట్టె ఒకటి చల్లగా గుర్రుమంటోంది.

సారు మైకు తెరిచాడు. "వర్షా, నీ పేపరు నేను ఇప్పుడే దిద్దుత. ముందు ఒక్క మాట. పిల్లలూ, సూడుండ్రి. ఇంట్ల ఇంత జరుగుతున్నా ఆమె కుర్చీ ఇడువలే. టైము కాపాడుకునుడంటే గిట్ల."

వర్ష ఏదో అనబోయేలోపే వీధిలో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి వచ్చిన శోకం ముందు అప్పటిదాకా ఏడ్చినవాళ్ల ఏడుపులన్నీ వెలవెలబోయాయి. దిగింది జములమ్మ. వెనక కూతురు, కురుమూర్తి. కొడుకింట్లో సీరియస్ అన్నారే తప్ప ఎవరికో తెలియక, ముసలామె ఇటిక్యాల నుంచి గద్వాల దాకా ఒక్కొక్కరి పేరు పెట్టి వంతులవారీగా ఏడ్చుకుంటూ వచ్చింది. షామియానా కనబడింది. "నా గోపాలూ" అని గుండెలు బాదుకుంటూ రెండడుగులు వేసి, కుర్చీలో తడిబట్టలతో కూర్చున్న గోపాల్‌ను చూసి ఆగింది. "నా పద్మా" అని అందుకోబోతే అరుగు మీద పద్మమ్మ కనబడింది. ఇక మిగిలింది ఒక్కతే. ముసలామె ఆ పేరు ఎత్తకుండా కట్టె ఆనించుకుంటూ కిటికీ వైపు నడిచింది. కిటికీలోంచి వర్ష "అవ్వా" అని కేకేసింది. అప్పుడు జములమ్మ కట్టె పడేసి, కిటికీ ఊచల్లోంచి మనవరాలి చెంపలు రెండూ పట్టుకుని, నిజంగా ఏడ్చింది.

పోయిందనుకున్న మనిషే వచ్చి ఏడుస్తుంటే జనమంతా కుర్చీల్లోంచి లేచారు. పడిపోబోయిన సుభద్రమ్మను గౌస్ పాషా కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. కాసేపటికి కన్నీళ్లు తుడుచుకున్న జములమ్మ చుట్టూ చూసింది. షామియానా చూసింది, దండలు చూసింది.

"అందరున్నరు. మరి పోయిందెవరే సుభద్రా?"

సుభద్రమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "నువ్వే, పెద్దమ్మా."

"నేనా?" జములమ్మ తన చేతులు తానే తడిమి చూసుకుంది. "మరి నాకు జెప్పొద్దా? రొట్టె సగం తిని వస్తి."

అప్పుడు గోపాల్ మౌనం వీడాడు. పదకొండు దాటింది, మొక్కు తీరింది. గంటన్నరలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, టెంటు ఎవరు వేయించారన్నది. ఎవరు ఎవరి కోసం ఏడ్చారో తేలడానికి ఇంకో పావుగంట పట్టింది. తేలాక, షామియానా ఎలాగూ ఉంది కదా అని గౌస్ పాషా అందరికీ చాయ్ చెప్పాడు. పెట్టె వాపసు పోయేముందు అందులో కాసేపు మజ్జిగ చల్లబడింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం మళ్లీ అందుకుంది.

పన్నెండింటికి సారు ఫోను చేశాడు. నలభై రెండింటికి ముప్పై ఏడు. మొదటి భాగంలో ఇరవైకి పద్దెనిమిది. తప్పిన ఆ రెండూ నిశ్శబ్దంలో రాసిన మొదటి ఆరింట్లోవే. "శనివారం రాయి తల్లీ, ఆలోచించకు" అన్నాడు. ఇల్లంతా పండగైంది. వర్ష ఒక్కతే ఫోను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

ఏమైందని జములమ్మ అడిగింది. వర్ష దాచుకోలేదు, ఆమె చెవి దగ్గరికి జరిగి చెప్పింది. "అవ్వా, ఏడుపు ఇనబడితెనే నా చేతులు ఉరుకుతున్నయి. ఆడ హాల్ల అంత సైలెంటు. రెండుపార్లు గా సైలెంటే నన్ను ముంచింది. మగ్గాన్ని ఉత్తపుణ్యానికి తిట్టిన." సాయంత్రం ఆరు దాకా గడువుంది, వాయిదా వేసుకుంటేనే మంచిదేమో అంది. ఆ మాట అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

జములమ్మ రాట్నం దగ్గరికి లాక్కుని కండె ఎక్కించింది. "హాలు బయట గోడ ఎంతెత్తు ఉంటది?"

"ఎంతైతే ఏంది?"

"నా గొంతు దాన్ని దాటుతదా అని. పొద్దుగాల ఈ గొంతుకే బస్సెక్కించి ఇటిక్యాల తోలితివి గద."

సుభద్రమ్మ ఎదురింట్లోంచే తనూ వస్తానంది, ఇవాళ అన్న మాటలకు ఆపాటి రుణం తీర్చుకోవాలంది. పద్మమ్మ రాకుండా ఉంటుందా. ఇటిక్యాల కూతురు కూడా ఉండిపోతానంది. వర్ష నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. వాయిదా ఫారం తెరవకుండానే ఫోను పక్కన పెట్టేసింది.

శనివారం పొద్దున గౌస్ పాషా టెంటు హౌసు వ్యానులో గద్వాల నుంచి హైదరాబాదుకు ఐదుగురు బయలుదేరారు, పరీక్ష రాయడానికి ఒకరు, గేటు బయట ఏడవడానికి నలుగురు.